శునక శిక్షణ: కొరడా నుండి శాస్త్రం దాకా

"కుక్క తోక వంకర" అని తెలుగువారి సామెత. ఎంత సరిచేసినా మారని స్వభావాన్ని చెప్పడానికి దీనిని వాడుతారు. తోక విషయంలో ఈ సామెత నిజమే. తోక వంపు పుట్టుకతో వచ్చినది. దానిని ఏ గురువూ మార్చలేడు. కాని తోక ముందున్న జంతువు సంగతి వేరు. పిలిస్తే రావడం, కూర్చోమంటే కూర్చోవడం, ఇంటికి వచ్చినవారి మీదికి ఎగబడకుండా ఉండడం, నోట కరచుకున్నది వదలమంటే వదలడం - ఇవి పుట్టుకతో రావు, నేర్పితే వస్తవి. ఎట్లా నేర్పవలెననే ప్రశ్నకు మానవుడు రెండు వేల సంవత్సరాలకు పైగా జవాబులు వ్రాస్తూనే ఉన్నాడు. ఆ జవాబులు పరస్పరం విరుద్ధమైనవి. భయపెట్టి నేర్పడమా, బుజ్జగించి నేర్పడమా అన్నది అందులోని ముఖ్యమైన తగవు. ఈ తగవు కుక్కతో ఆగిపోయేది కాదు. బడిలో బెత్తం పట్టిన ప్రతి చేతికీ సంబంధించినది.

తోడేలు నుండి కుక్క

కుక్క తోడేలు సంతతి. మానవుడు మచ్చిక చేసుకున్న మొట్టమొదటి జంతువు ఇదే. ఆవును, మేకను సాకకముందే, పైరు వేయడం నేర్వకముందే, వేటగాడైన మానవుని వెంట కుక్క ఉన్నది. 1914లో జర్మనీలోని బాన్ నగర సమీపాన ఓబర్‌కాసెల్ అనే చోట రాతి గని పనివారికి ఒక పురాతన సమాధి బయల్పడినది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్క ఎముకలు ఉన్నవి. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 సంవత్సరాలు. ఆ కుక్క పళ్ళను ఇటీవల పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఒక విశేషం కనుగొన్నారు. అది పిల్లగా ఉన్నప్పుడే దానికి తీవ్రమైన జబ్బు చేసినది. ఎవరో దగ్గర ఉండి సాకకపోతే అన్ని వారాలు బతికి ఉండేది కాదు. వేటకు పనికిరాని రోగిష్ఠి కుక్కపిల్లను కూడా ఆనాటి మనుషులు సాకినారని దీనివల్ల ఊహించవచ్చును.

ఈ సుదీర్ఘ సహవాసం వల్ల కుక్కకు ఒక ప్రత్యేకమైన నేర్పు అబ్బినది. అది మనిషి ముఖాన్ని, చేతిని, కంఠస్వరాన్ని నిరంతరం గమనిస్తూ ఉంటుంది. వేలితో చూపిన వైపుకు పోయి దాచిన తిండిని వెదకగలదు. శిక్షణకు పునాది ఈ గమనింపే.

పేరు చిన్నదిగా ఉండవలెను

కుక్కల శిక్షణను గురించి మనకు లభించిన పాత గ్రంథాలలో గ్రీకు చరిత్రకారుడు జెనొఫోన్ క్రీ. పూ. 4వ శతాబ్దంలో వేటను గురించి వ్రాసినది ముఖ్యమైనది. వేటకుక్కలకు సులభంగా కేక వేసి పిలవడానికి వీలైన పొట్టి పేర్లు పెట్టవలెనని అతడు సలహా ఇచ్చి, నలభైకి పైగా పేర్లను పట్టికగా వ్రాసినాడు. క్రీ. శ. 1వ శతాబ్దంలో వ్యవసాయశాస్త్రం వ్రాసిన రోమన్ రచయిత కొలుమెల్లా ఈ మాటనే ఇంకా స్పష్టం చేసినాడు. కుక్క పేరు మరీ పొడవు కారాదు, ఎందుకంటే పిలవగానే అది పలకవలెను. కాని రెండు అక్షరాలకు తగ్గనూ కూడదు అని అతని నియమం. నేటి శిక్షకులు కూడా కుక్కకు చెప్పే ఆజ్ఞ పొట్టిగా, ఒకే తీరుగా ఉండవలెనని చెప్పుతారు.

క్రీ. శ. 2వ శతాబ్దంలో అరియన్ అనే గ్రీకు రచయిత మరొక ముఖ్యమైన సంగతి చెప్పినాడు. కుక్క కుందేలును పట్టిన వెంటనే యజమాని గుర్రం దిగి, దాని తల నిమిరి, చెవులు దువ్వి, పేరుపెట్టి మెచ్చుకోవలెనట. మెప్పు పొందడం కుక్కలకు ఇష్టమని అతనికి తెలుసును. మంచి పని చేసిన మరుక్షణాన మెప్పు అందవలెనని అతడు గ్రహించినాడు. ఈ "మరుక్షణం" ఎంత ముఖ్యమో ప్రయోగాలతో నిరూపించడానికి 17 శతాబ్దాలు పట్టినది.

"విరవడం" అనే మాట

మధ్యయుగపు ఐరోపాలో వేట రాజుల, ప్రభువుల వినోదం. ఫ్రాన్సు దేశపు ప్రభువు గాస్తోన్ ఫేబూస్ 1387లో ఆరంభించిన వేట గ్రంథంలో కుక్కల పోషణ, రోగాలు, శిక్షణ విపులంగా ఉన్నవి. కుక్కల కొట్టంలో పనిచేయడానికి ఏడేళ్ళ పిల్లవాణ్ణి తీసుకోవలెననీ, పొరపాటు చేయాలంటే భయం కలిగేదాకా వాణ్ణి కొట్టవలెననీ అందులో ఉన్నది. ఆనాడు కుక్కకు, కుక్కను కాచే పిల్లవానికి దాదాపు ఒకే విద్యాపద్ధతి. మన వీధిబడులలో కోదండం వేయించుకున్న పిల్లల కథలు విన్నవారికి ఇది వింతగా తోచదు.

ఇంగ్లీషు భాషలో వేటకుక్క శిక్షణకు చాలా కాలం "విరవడం" అనే అర్థమిచ్చే మాట వాడినారు. కుక్క మొండితనాన్ని విరచి లొంగదీయడమే శిక్షణ అనే భావం ఆ మాటలోనే ఉన్నది. 1848లో హచిన్సన్ అనే బ్రిటిషు సైనికాధికారి వ్రాసిన గ్రంథం పేరులోనూ ఆ మాటే ఉన్నది. కాని లోపలి బోధ వేరు. మొదటి పాఠాలు ఇంటిలోనే, రొట్టెముక్క చేతబట్టి, శాంతంగా చెప్పవలెననీ, మాటతోపాటు చేతి సైగను కూడా నేర్పవలెననీ అతడు వ్రాసినాడు. 1885లో అమెరికాలో హామండ్ అనే రచయిత మరొక అడుగు ముందుకు వేసి, తన గ్రంథం పేరులోనే శిక్షణ వేరు, విరవడం వేరు అని ప్రకటించినాడు. అయినా కొరడా పోలేదు. దయతో నేర్పితే ఫలితం ఎందుకు వస్తుందో వీరెవరూ శాస్త్రీయంగా చెప్పలేకపోవడం దీనికి ఒక కారణం.

ప్రయోగశాలలో

ఆ కారణం రెండు ప్రయోగశాలలలో బయటపడినది. రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియను గురించి పరిశోధించి 1904లో నోబెల్ బహుమానం పొందినాడు. అతని కుక్కలకు నోటిలో తిండి పడకముందే, తిండి తెచ్చే మనిషిని చూడగానే, లాలాజలం ఊరేది. ఏ చప్పుడైనా, మెట్రోనోము టకటకలైనా సరే, తిండికి ముందు పదే పదే వినిపిస్తే, కొన్నాళ్ళకు ఆ చప్పుడుకే నోరూరడం మొదలయ్యేది. దీనిని నిబంధిత ప్రతిక్రియ అన్నారు. అర్థం లేని శబ్దానికి కుక్క మనస్సులో ఒక విలువ ఏర్పడగలదని దీనివల్ల రుజువైనది.

అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో తన ప్రయోగాలను ప్రచురించినాడు. అతడు పిల్లులను, కుక్కలను పెట్టెలలో ఉంచి, గడియ తీసుకొని బయటికి రావడం ఎట్లా నేర్చుకుంటవో కొలిచినాడు. జంతువు మొదట తోచినదెల్లా చేస్తుంది. వాటిలో ఏ పని వల్ల తలుపు తెరుచుకొని తిండి దొరికిందో, ఆ పనిని తరువాతి పర్యాయం త్వరగా చేస్తుంది. ఫలితం సుఖకరమైతే ఆ పని బలపడుతుందనే ఈ సూత్రానికి అతడు ఫలిత నియమమని పేరు పెట్టినాడు. కుక్కకు "కూర్చో" అని చెప్పి, అది కూర్చున్నప్పుడు తినుబండారం ఇచ్చే ప్రతి యజమానీ ఈ రెండు సూత్రాలను ఏకకాలంలో ఉపయోగిస్తున్నట్లే.

పోలీసులు, సైనికులు, అంధులు

1899లో బెల్జియంలోని ఘెంట్ నగర పోలీసులు రాత్రి పహరాకు కుక్కలను వాడడం ప్రారంభించినారు. జర్మనీలో కాన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1910లో శునక శిక్షణ గ్రంథం వెలువరించినాడు. మానవుని నీతి, నేరం, పశ్చాత్తాపం అనే భావాలను కుక్కకు అంటగట్టరాదని అతడు చెప్పినాడు. కుక్కకు తెలిసేది ఒకటే: ఇప్పుడు చేసిన పనికి ఇప్పుడు వచ్చిన ఫలితం. గంట క్రితం చెప్పు కొరికిన కుక్కను ఇప్పుడు కొడితే, అది చెప్పును గురించి ఏమీ నేర్చుకోదు. యజమాని చేతిని గురించి మాత్రమే నేర్చుకుంటుంది. మోస్ట్ సూత్రం సరియైనదే గాని అతని సాధనాలు కఠినమైనవి. ముళ్ళ పట్టీ, కొరడా అతని పద్ధతిలో భాగాలు. ఆ కాఠిన్యం పోలీసు, సైనిక శిక్షణలో అనేక దశాబ్దాలు నిలిచినది.

అదే కాలంలో వేరొక దారి కూడా కనిపించినది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, బ్రిటిషు ప్రభుత్వం రిచర్డ్‌సన్ అనే అధికారి ఆధ్వర్యాన యుద్ధ శునకాల పాఠశాల నెలకొల్పినది. టెలిఫోను తీగెలు తెగిన యుద్ధభూమిలో వార్తలు మోసుకొని పరుగెత్తే కుక్కలను అక్కడ తయారుచేసేవారు. యజమాని కంటికి కనబడనంత దూరంలో, ఫిరంగుల మోతలో ఒంటరిగా పనిచేయవలసిన కుక్కను దెబ్బలతో నడపడం సాధ్యం కాదు. దానికి పని మీద, శిక్షకుని మీద ప్రేమ ఉండవలెను. అందుచేత తప్పు చేసిన కుక్కను కొట్టక, వెనుకకు తీసుకొనిపోయి పాఠాన్ని తిరిగి చెప్పించడం రిచర్డ్‌సన్ పద్ధతి.

యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో అంధులకు దారిచూపే కుక్కల పాఠశాల ఏర్పడినది. ఇట్టి పనిని గురించి 1927లో డారతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ ఒక పత్రికలో వ్రాసిన వ్యాసం మారిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుని చెవిన పడినది. అతడు స్విట్జర్లాండులోని ఆమె శిక్షణ కేంద్రానికి వెళ్ళి, బడ్డీ అనే కుక్కతో అమెరికాకు తిరిగివచ్చినాడు. 1929లో ఆ దేశంలో మొదటి మార్గదర్శక శునక పాఠశాల వెలసినది. ఈ కుక్క నేర్చుకునే పాఠాలలో అన్నిటికంటె గొప్పది ఆజ్ఞను ధిక్కరించడం. యజమాని "పద" అన్నా, ఎదుట మోటారు కారు వస్తూ ఉంటే అది కదలరాదు. భయంతో మాత్రమే లొంగిన జంతువు ఇట్టి వివేకాన్ని చూపలేదు.

ఇంటి కుక్కకు పరీక్షలు

ఇంతవరకు శిక్షణ వేటకుక్కకో, పనికుక్కకో పరిమితం. ఇంటి పెంపుడు కుక్కకు కూడా పాఠాలుండవలెనని చాటినది హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే అమెరికన్ మహిళ. ఆమె పెంచే పూడిల్ కుక్కలను చూచి, అవి ముస్తాబుకే గాని తెలివికి కావని లోకులు నవ్వేవారు. ఆ అపవాదు పోగొట్టడానికి ఆమె బ్రిటనులోని పోటీలను ఆదర్శంగా తీసుకొని, 1933లో న్యూయార్కు రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో విధేయతా పరీక్ష జరిపినది. 8 కుక్కలు పాల్గొన్నవి. 1936లో అమెరికన్ కెనెల్ క్లబ్బు ఈ పరీక్షలను గుర్తించినది. 1937లో ఆమె తన సహచరి బ్లాంచ్ సాండర్స్‌తో కలిసి, మోటారుకు ఒక బండి తగిలించుకొని, కుక్కలతో దేశమంతా తిరిగి ప్రదర్శనలు ఇచ్చినది.

1989లో ఆ క్లబ్బే "మంచి పౌర శునకం" అనే అర్థమిచ్చే పేరుతో మరొక పరీక్షను ఆరంభించినది. ఇందులో పది అంశాలు: కొత్తవారు పలకరిస్తే సహించడం, తల నిమురుతుంటే కూర్చొని ఉండడం, దువ్వెన, వైద్యుని చేయి తగిలితే ఒప్పుకోవడం, గొలుసు లాగకుండా నడవడం, జనం మధ్య నడవడం, కూర్చోవడం, పడుకోవడం, ఉన్నచోటనే ఆగడం, పిలిస్తే రావడం, మరొక కుక్క ఎదురైతే నిమ్మళంగా ఉండడం, హఠాత్తుగా చప్పుడైతే బెదరకపోవడం, యజమాని కాసేపు కనబడకపోయినా గోల చేయకపోవడం. ఈ పట్టికలో గారడీ విద్య ఒక్కటి కూడా లేదు. అన్నీ ఇరుగుపొరుగుతో బతకడానికి కావలసిన మర్యాదలే.

టిక్కుమనే బొమ్మ

మనస్తత్వశాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ 1951లో జంతువులకు పాఠం చెప్పే విధానాన్ని గురించి ఒక సులభమైన వ్యాసం వ్రాసినాడు. మంచి పనికి ప్రతిఫలం వెంటనే అందకపోతే దాని బలం తగ్గిపోతుంది. దూరాన ఉన్న కుక్కకు తినుబండారం తక్షణం అందించడం కుదరదు. కనుక పిల్లలు ఆడుకునే, నొక్కితే టిక్కుమనే రేకు బొమ్మను వాడవచ్చునని అతడు సూచించినాడు. మొదట టిక్కు వినిపించి వెంటనే తిండి పెడుతూ ఉంటే, ఆ శబ్దమే బహుమానానికి గుర్తు అవుతుంది. ఇది పావ్లోవ్ సూత్రమే. ఆ తరువాత సరియైన పని జరిగిన క్షణాన్నే టిక్కు వినిపిస్తే చాలును. ఇది థార్న్‌డైక్ సూత్రం. స్కిన్నర్ శిష్యులైన కెల్లర్, మారియన్ బ్రెలాండ్ దంపతులు 1940ల నుండే ఈ సూత్రాలతో అనేక రకాల జంతువులకు శిక్షణ ఇచ్చినారు.

కాని ఈ పద్ధతి ఇంటి కుక్కల దాకా రావడానికి ఇంకా ముప్పై ఏళ్ళు పట్టినది. 1962లో ప్రచురింపబడి విపరీతంగా ప్రచారం పొందిన కోలర్ గ్రంథం మెడ బిగించే గొలుసునే ముఖ్య సాధనంగా బోధించినది. మార్పు సముద్రం వైపు నుండి వచ్చినది. డాల్ఫినుకు గొలుసు వేయలేము. కొట్టబోతే ఈదుకొని పోతుంది. ఈల, చేప - ఈ రెండింటితోనే దానికి నేర్పవలెను. హవాయి దీవులలో డాల్ఫినులకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో వ్రాసిన గ్రంథం ద్వారా ఈ పద్ధతి కుక్కల యజమానులకు చేరినది. అదే దశకంలో పశువైద్యుడు ఇయన్ డన్‌బార్ కుక్కపిల్లల కోసం ప్రత్యేకంగా తరగతులు ఆరంభించినాడు. సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే కీలకమైన కాలమని స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు చేసిన దీర్ఘ పరిశోధన 1965లో గ్రంథరూపంలో వచ్చినది. ఆ వయస్సులో మనుషులను, చప్పుళ్ళను, ఇతర జంతువులను నిర్భయంగా ఎరుగని పిల్ల పెద్దదై పిరికి కుక్క కావచ్చును. పిరికి కుక్కే తరచు కరిచే కుక్క.

నాయకుని కథ

కొట్టడాన్ని సమర్థించడానికి చాలా కాలం ఒక సిద్ధాంతం ఉపయోగపడినది. తోడేళ్ళ గుంపులో అన్నిటినీ లొంగదీసే నాయకుడుంటాడు. కుక్క తోడేలు సంతతి గనుక యజమాని కూడా దానిని అణచి నాయకుడు కావలెను అని ఆ వాదం. దీనికి మూలాలలో ఒకటి 1947లో రుడోల్ఫ్ షెంకెల్ ప్రచురించిన పరిశీలన. అతడు చూచినవి జంతుప్రదర్శనశాలలో ఒకేచోట బంధించిన తోడేళ్ళు. తరువాత అమెరికన్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్ కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను అనేక వేసవులు గమనించినాడు. సహజమైన గుంపు అంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలు. అంటే ఒక కుటుంబమని 1999లో అతడు ప్రకటించినాడు. నాయకత్వం కోసం నిత్యం పోరాటమనే చిత్రం చెరలోని తోడేళ్ళది మాత్రమే. 1970లో తన గ్రంథం ద్వారా ఆ పాత భావాన్ని వ్యాపింపజేసినవారిలో మెక్ కూడా ఒకడు. దానిని సరిదిద్దడానికి అతడే పూనుకోవడం శాస్త్రధర్మానికి మంచి ఉదాహరణ.

2020లో పోర్చుగల్ దేశంలో జరిగిన పరిశోధనలో 92 పెంపుడు కుక్కలను పరీక్షించినారు. గొలుసు గుంజి, గద్దించి నేర్పే తరగతులలోని కుక్కలు ఎక్కువ ఆందోళన చూపినవి. వాటి లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోను పాఠం తరువాత హెచ్చుగా కనిపించినది. 2016లో హంగేరీ శాస్త్రజ్ఞులు కుక్కల మెదడును యంత్రంతో పరీక్షించి, మెచ్చుకోలు మాట మెచ్చుకోలు స్వరంతో వినిపించినప్పుడే బహుమానానికి స్పందించే భాగాలు చురుకవుతవని చూపినారు. అరియన్ తన వేటకుక్క తల నిమిరి ఏమి పొందినాడో ఇప్పుడు యంత్రం చెప్పుతున్నది.

ముఖ్యమైన ఆజ్ఞలు

ఈ చరిత్ర అంతా ఇంటి ముంగిట ఐదు ఆరు మాటలుగా మిగులుతుంది. "రా" అన్నిటికంటె ముఖ్యమైనది. రోడ్డు మీదికి పరుగెత్తే కుక్క ప్రాణాన్ని అది కాపాడుతుంది. పిలిస్తే వచ్చిన కుక్కను, అంతకు ముందు ఏ తప్పు చేసినా సరే, దండించరాదు. అట్లా దండిస్తే "రా" అనే మాటకు "దెబ్బ" అని అర్థం ఏర్పడుతుంది. "కూర్చో" నేర్పడానికి తినుబండారాన్ని ముక్కు దగ్గర నుండి తల మీదుగా మెల్లగా వెనుకకు జరపవలెను. తల పైకి లేచినకొద్దీ నడుము క్రిందికి దిగుతుంది. కూర్చున్న కుక్క అతిథి మీదికి ఎగరలేదు. కనుక ఒక మంచి అలవాటు ఒక చెడు అలవాటు స్థానాన్ని ఆక్రమిస్తుంది. "ఆగు" అనే ఆజ్ఞను మొదట రెండు క్షణాలతో ప్రారంభించి క్రమంగా పొడిగించవలెను. "వదులు" నేర్పేటప్పుడు నోటిలోని వస్తువును గుంజుకోక, దానికంటె ఇష్టమైనది చూపి మార్పిడి చేయవలెను. గుంజితే అది ఆటగానో, పోరాటంగానో మారుతుంది. "పక్కన నడువు" అన్నప్పుడు గొలుసు బిగిస్తే యజమాని ఆగిపోవడం, వదులైతే నడవడం మంచి ఉపాయం.

ఇంటిలో అందరూ ఒకే ఆజ్ఞకు ఒకే మాట వాడవలెను. తాతగారు "ఇటు రా" అని, పిల్లలు "కమాన్" అని, అమ్మ పేరు మాత్రమే పిలిస్తే, కుక్కకు అది మూడు భాషల బడి అవుతుంది. పాఠం అయిదు నిమిషాలకు మించనక్కరలేదు; రోజుకు రెండు మూడు పర్యాయాలు చాలును.

భారతదేశంలో సైన్యం 1960లో మీరట్‌లో శునక శిక్షణ కేంద్రం నెలకొల్పినది. సరిహద్దు భద్రతా దళం 1970లో గ్వాలియరు సమీపాన టేకన్‌పూర్‌లో జాతీయ కేంద్రాన్ని స్థాపించినది. అక్కడ కుక్కతోపాటు దానిని నడిపే మనిషికి కూడా పాఠాలుంటవి. ఇది గమనింపదగినది. శునక శిక్షణలో సగం పాఠం ఎప్పుడూ మనిషిదే. ఆజ్ఞ స్పష్టంగా ఇవ్వడం, సరియైన క్షణంలో మెచ్చుకోవడం, కోపాన్ని అణచుకోవడం, నిన్న చెప్పినదే నేడూ చెప్పడం - ఇవి నేర్చుకోవలసినది యజమాని. కుక్క పాఠం తప్పినప్పుడు, చెప్పిన తీరులో లోపం ఎక్కడ ఉన్నదని మొదట వెదకడం నేటి శిక్షకుల పద్ధతి.

2009 నాటి విద్యాహక్కు చట్టం మన బడులలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించినది. కొట్టకుండా నేర్పడం సాధ్యమా అని సందేహించేవారు నేటికీ ఉన్నారు. పిల్లవాడు కుక్క కాడు. అతనికి మాట తెలుసును, కారణం తెలుసును. మాట తెలియని జంతువుకే దెబ్బ లేకుండా ఇన్ని మర్యాదలు నేర్పగలిగినప్పుడు, మాట తెలిసిన పిల్లవాని విషయంలో సందేహానికి తావు ఎక్కడ ఉన్నది?